బియ్యంలో రాసిన రష్యన్ పేరు

పురిటికని కైకలూరు పుట్టింటికి వెళ్ళిన మా కోడలు ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేసింది. చంటిదానిది అనూరాధా నక్షత్రమట. "న" అక్షరంతో పేరు రావాలట.

"అత్తయ్యగారూ, నటాషా అని పెడదామనుకుంటున్నామండి. రష్యన్ పేరట. ముద్దుగా ఉంది కదండీ? మన వైపు ఎవరికీ అలాంటి పేరు ఉండి ఉండదు."

పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ పూట మా ఇంట్లో పొయ్యే వెలిగించలేదు. ఏం చెప్పాలో తోచక ఆడిన అబద్ధం అది.

నిజమేమిటంటే, మన వైపు రష్యన్ పేరున్న ఆడమనిషి ఎవరో కాదు, ఆ పిల్ల అత్తగారే. తాడేపల్లిగూడెంలో నలభై ఏళ్ళుగా నన్నందరూ వాణి అంటారు. వాణిగారు, వాణక్క, వాణత్త. ఉల్లిపాయల మార్కెట్టు వీధిలో ఎవర్నడిగినా మా ఇల్లు ఆ పేరుతోనే చూపిస్తారు. బీరువా అడుగున ఉన్న పదో తరగతి సర్టిఫికెట్టులో మాత్రం నా పేరు వాలెంటీనా. ఈ సంగతి మా ఆయనకి తెలుసు. మా అబ్బాయికి చూచాయగా తెలుసు. కోడలికి తెలియదు. ఎందుకు చెప్పలేదంటే, సిగ్గనిపించి కాదు సుమండీ. చెబితే ఆ పేరు ఎలా పోయిందో కూడా చెప్పాలి కదా!

సరే, మొదట్నించీ చెబుతాను.

1963 జూన్ 16, ఆదివారం. వాలెంటీనా తెరిష్కోవా అనే 26 ఏళ్ళ అమ్మాయిని సోవియట్ యూనియన్ వోస్తోక్-6 అనే నౌకలో అంతరిక్షానికి పంపింది. ఆడమనిషి అంత ఎత్తుకి వెళ్ళడం ప్రపంచంలో అదే మొదటిసారి. ఒంటరిగా వెళ్ళి, భూమి చుట్టూ 48 సార్లు తిరిగి, 19వ తేదీ బుధవారం క్షేమంగా దిగింది. ఆ బుధవారం రాత్రే కొల్లేటి లంకలో, మా అమ్మమ్మగారింట్లో, నేను పుట్టాను.

మా నాన్న ఏలూరు జూట్ మిల్లులో గుమాస్తా. ఉద్యోగం గుమాస్తాదే గాని మనసంతా యూనియన్‌లో ఉండేది. పేపర్లో ఆ వార్త ఆయన ఎన్నిసార్లు చదివారో మా అమ్మ కథలుగా చెప్పేది. ఆయనకి నచ్చింది ఆకాశం కాదు. ఆ అమ్మాయి యారోస్లావల్ పట్టణంలో బట్టల మిల్లులో పనిచేసిన పిల్ల. తల్లీ మిల్లు మనిషే. తండ్రి ట్రాక్టరు డ్రైవరు, ఈమెకి రెండేళ్ళప్పుడే యుద్ధంలో పోయాడు. పొద్దున్నే కూత వినగానే సద్దిమూట పట్టుకుని మిల్లు గేటులోకి పరుగెత్తే ఆడపిల్లల్ని నాన్న రోజూ చూసేవారు. వాళ్ళలాంటి పిల్ల ఒకతె నక్షత్రాల మధ్య తిరిగి వచ్చిందంటే ఆయన ఆగలేకపోయారు.

ఇరవై ఒకటో రోజున బారసాల. పళ్ళెంలో బియ్యం పోసి, బంగారు ఉంగరంతో పేరు రాయమన్నారు. నాన్న "వాలెంటీనా" అని రాశారు. మా అమ్మమ్మ తలుపు చాటు నుంచి చూసి, "ఇదేం పేరు బాబూ? ఏ ఊరి అమ్మవారు?" అని అడిగిందట. ఆవిడ నాకు కొల్లేటికోట పెద్దింట్లమ్మ పేరు పెడతానని మొక్కుకుంది మరి. మామగారి మొహం ముడుచుకుంది. అప్పుడు పురోహితుడుగారే గట్టెక్కించారట. "రోహిణి నక్షత్రానికి అక్షరాలు ఓ, వా, వీ, వూ. పిల్ల పుట్టింది రెండో పాదంలో. 'వా' రానే వచ్చింది. శాస్త్రం ఒప్పుకున్నాక మనదేముందమ్మా" అన్నారు. నాన్నకి పురోహితుల మీద నమ్మకం లేదు. కాని ఆ పూట ఆయన దక్షిణ మాత్రం రెట్టింపు ఇచ్చారట!

అమ్మమ్మ నోరు "వాలెంటీనా" దగ్గర తిరగలేదు. మూడో రోజుకల్లా "వాలమ్మా" అని పిలవడం మొదలుపెట్టింది. లంకంతా అదే పేరు ఖాయమైంది. నాన్న ఏలూరు నుంచి వచ్చినప్పుడల్లా "పేరు పాడుచేస్తున్నారండీ" అని నొచ్చుకునేవారు. ఆ ముక్క గుర్తుంచుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాను.

ఆ రోజుల్లో ఇలా పేర్లు పెట్టింది మా నాన్న ఒక్కరే అనుకోకండి. కృష్ణా, గోదావరి డెల్టాలో కమ్యూనిస్టు పార్టీ బలంగా ఉన్న కాలం అది. 1962 ఎన్నికల్లో ఏలూరు నుంచి లోక్‌సభకి గెలిచింది కమ్యూనిస్టు పార్టీ మనిషే, పైగా ఆడమనిషి, వీరమాచనేని విమలాదేవిగారు. మరుసటేడు తెరిష్కోవా వార్త వచ్చేసరికి, "ఆడవాళ్ళు ఢిల్లీకే వెళ్ళారు, ఆకాశానికి వెళ్ళలేరా" అనడానికి మా ఊళ్ళో ఆధారం ఉండనే ఉంది. మగపిల్లలకి లెనిన్, స్టాలిన్ అని పెట్టడం అందరికీ తెలిసిందే. పక్కనున్న తమిళనాడులో 1953 మార్చిలో పుట్టిన కరుణానిధిగారి అబ్బాయి పేరు కూడా అలా వచ్చిందే. ఆడపిల్లల పేర్ల గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. వాళ్ళ పేర్లు నాయకుల నుంచి తక్కువగా, పుస్తకాల నుంచి ఎక్కువగా వచ్చాయి.

పుస్తకాలంటే గుర్తొచ్చింది. విశాలాంధ్రవారి పుస్తకాల వ్యాను ఊళ్ళోకి వస్తే మా ఇంట్లో పండగే. మాస్కోలో ప్రోగ్రెస్ ప్రచురణాలయంవారు తెలుగులో అచ్చువేసిన పుస్తకాలు, గట్టి అట్ట, నున్నటి కాగితం, ధర చూస్తే కూరగాయల డబ్బు. "సోవియట్ భూమి" పత్రిక కాగితాలతో మేము స్కూలు పుస్తకాలకి అట్టలు వేసుకునేవాళ్ళం. లెక్కల పుస్తకం మీద గోధుమ చేలు, సైన్సు పుస్తకం మీద పూల గుడ్డ తలకి చుట్టుకుని నవ్వే ఆడవాళ్ళు. చదవకపోయినా ఆ మొహాలు, ఆ పేర్లు అలవాటైపోయాయి. అంతకు చాలా ముందే గోర్కీ "అమ్మ"ను క్రొవ్విడి లింగరాజుగారు తెలుగు చేశారు. ఆ పుస్తకం లేని యూనియన్ ఇల్లు ఉండేది కాదు. నటాషా, తాన్యా, సోనియా, కాత్యా అందరూ అలా పుస్తకాల్లోంచి దిగి మన ఇళ్ళల్లోకి వచ్చినవాళ్ళే.

వీళ్ళలో తమాషా అయిన పేరు ఓల్గా.

రష్యాలో ఓల్గా ఆడవాళ్ళ పేరు. ఉత్తర దేశపు "హెల్గా" నుంచి వచ్చింది, పవిత్రురాలు అని అర్థం. పదో శతాబ్దంలో కీవ్‌ను ఏలిన రాణి పేరది. భర్త హత్యకి గురైతే, చిన్నవాడైన కొడుకు తరఫున రాజ్యం నడిపింది. ఆ కీవ్ ఇప్పుడు ఉక్రెయిన్ రాజధాని. ఇక వోల్గా వేరు. అది నది. యూరప్ ఖండంలో అన్నిటికంటే పొడవైనది, సుమారు 3,530 కిలోమీటర్లు. ఆ పేరు తడి, తేమ అనే అర్థమున్న పాత స్లావ్ మాట నుంచి వచ్చిందంటారు. రష్యావాళ్ళు ఆ నదిని అమ్మా అని పిలుస్తారు, మనం గోదారమ్మ అన్నట్టు. కాని పిల్లలకి నది పేరు పెట్టుకునే అలవాటు వాళ్ళకి లేదు.

మనకి ఉంది కదండీ! గంగ, యమున, గోదావరి, కృష్ణవేణి, కావేరి, నర్మద. ఇంటికో నది. అదీగాక "ఒకటి" అన్నా "వొకటి" అన్నా మన చెవికి తేడా లేదు. దాంతో ఓల్గా, వోల్గా రెండూ కలిసిపోయి ఒకే పిల్ల అయిపోయాయి. రాహుల్ సాంకృత్యాయన్ కథల పుస్తకాన్ని చాగంటి తులసిగారు "ఓల్గా నుంచి గంగకు" అని తెలుగు చేశారు. అక్కడ ఓల్గా అంటే నదే. మన రచయిత్రి పోపూరి లలితకుమారిగారి కలం పేరు ఓల్గా. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న "విముక్త" ఆవిడదే. విజయవాడలో విలువిద్య నేర్పే అకాడమీ పేరు వోల్గా. రష్యాలో ఆడపిల్ల కాని వోల్గాని ఆడపిల్లని చేసింది మనమేనన్నమాట. యారోస్లావల్ కూడా వోల్గా ఒడ్డునే ఉంది. మా నాన్న మిల్లు పిల్ల ఆ నది గాలి పీల్చి పెరిగినదే.

ఫోన్ పెట్టేసిన తర్వాత ఆ మధ్యాహ్నం నాన్న వదిలివెళ్ళిన పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. ఇన్నేళ్ళూ రష్యన్ పేర్లంటే రష్యావాళ్ళ సొంతమనుకున్నాను. తీరా చూస్తే అచ్చమైన రష్యన్ పేర్లు కొన్నే. మనలో లక్ష్మి, సరస్వతి, పద్మ అంతా సంస్కృతం నుంచి వచ్చి తెలుగువాళ్ళం అనిపించుకున్నట్టే, అక్కడా గ్రీకు, లాటిన్, హీబ్రూ పేర్లు చర్చి వెంట వచ్చి స్థిరపడ్డాయి. ఇరీనా అంటే గ్రీకులో శాంతి. గలీనా అంటే గాలి లేనప్పటి నీటి నెమ్మది. తెల్లవారుజామున కొల్లేరు చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. జోయా అంటే ప్రాణం. సోఫియా అంటే జ్ఞానం. అన్నా అంటే హీబ్రూలో దయ, అనుగ్రహం. మా అమ్మ మాత్రం "అన్నా కెరినీనా" పేరు చూసినప్పుడల్లా "అన్న ఏమిటే, అక్క అనక!" అని నవ్వేది.

నా పేరు లాటిన్ నుంచి వచ్చింది. బలం, ఆరోగ్యం అని అర్థం.

విప్లవానికి ముందు రష్యాలో పిల్ల పుడితే పేరు కోసం చర్చి పంచాంగం తిరగేసేవారు. ఏ తేదీకి ఏ పుణ్యాత్మురాలి పేరు ఉంటే అందులోంచి పెట్టాలి. మన నక్షత్రం, పాదం లాంటిదే. వేరా, నదేజ్దా, ల్యుబోవ్ అని ముగ్గురు అక్కచెల్లెళ్ళున్నారు. నమ్మకం, ఆశ, ప్రేమ. గ్రీకు పేర్లనే అచ్చమైన స్వదేశీ మాటల్లోకి మార్చుకున్నారు. వాళ్ళ తల్లి సోఫియా పేరు మాత్రం గ్రీకులోనే ఉంచేశారు. నలుగురికీ కలిపి సెప్టెంబరు 30న పండగ. లెనిన్ భార్య క్రూప్‌స్కాయా పేరు నదేజ్దాయే. ఆశ అన్నమాట. ల్యుద్మీలా అంటే జనానికి ప్రియమైనది.

1917 విప్లవం తర్వాత చర్చి పంచాంగం పక్కనపెట్టి కొత్త పేర్లు కట్టడం మొదలుపెట్టారు. లెనిన్ పేరు అక్షరాలు తిరగేసి "నినెల్" అన్నారు. వ్లదీమిర్ లెనిన్ రెండూ కలిపి "వ్లద్లేనా" అన్నారు. అక్టోబరు విప్లవం పేరుమీద "అక్త్యాబ్రీనా" అన్నారు. మా అమ్మమ్మ వింటే ఏమనేదో! వీటితో పోలిస్తే నా పేరు ఎంతో నయం.

స్వెత్లానా కథ ఇంకా బాగుంటుంది. 1802లో వోస్తొకోవ్ అనే కవి తన నాయిక కోసం కల్పించిన పేరది. 1813లో ఝుకోవ్‌స్కీ రాసిన కథాగేయంతో నలుగురికీ తెలిసింది. చర్చి పంచాంగంలో లేదు కాబట్టి బారసాలకి పనికిరాదన్నారు. విప్లవం వచ్చి ఆ అడ్డు తీసేసేసరికి వేలమంది పిల్లలు స్వెత్లానాలయ్యారు. "స్వెత్" అంటే వెలుగు. మన "శ్వేత" ఉంది చూశారూ, ఆ రెండూ ఒకే మూలం నుంచి వచ్చాయి. ఇలాంటి చుట్టరికాలు ఇంకా ఉన్నాయి. జోయా, మన "జీవ" ఒక తల్లి పిల్లలు. నటాషాకి మూలమైన లాటిన్ మాట, మన "జాతకం"లోని "జాత" అక్కచెల్లెళ్ళే. రెంటికీ పుట్టుకే అర్థం. ల్యుబోవ్‌కి మన చుట్టం ఎవరో తెలుసా? "లోభం"! కోరుకోవడం అనే మూలం ఒకటే. అక్కడ ప్రేమ అయింది, ఇక్కడ పిసినారితనమైంది.

ఇంతకీ నటాషా పూర్తి పేరు కాదు. అసలు పేరు నతాలియా. నటాషా ముద్దుపేరు. అలాగే తత్యానా ఇంట్లో తాన్యా. ఎకతెరీనా కాత్యా. సోఫియా సోనియా. మరియా మాషా. రష్యాలో రిజిస్టరులో ఎక్కేది పెద్దపేరు. మనవాళ్ళకి ఆ సంగతి తెలియక ముద్దుపేర్లే స్కూలు రిజిస్టర్లలో ఎక్కించారు. మన బుజ్జి, చిట్టి, బేబీ అనే పేర్లు రిజిస్టర్లకెక్కలేదూ!

వాలెంటీనా ముద్దుపేరు ఏమిటో అప్పుడే చదివాను. వాల్యా.

పుస్తకం మూసి చాలాసేపు అలాగే ఉండిపోయాను. అమ్మమ్మ పేరు పాడుచేస్తోందని నాన్న ఎన్నేళ్ళు నొచ్చుకున్నారు! మ్యాపులో రష్యా ఎక్కడుందో తెలియని మా అమ్మమ్మ, దోనెలో కూర్చుని గుర్రపుడెక్క పక్కకి తోస్తూ, "వాలమ్మా, ఇలా రావే" అని పిలిచిన పిలుపు, వోల్గా ఒడ్డున ఆ మిల్లు పిల్లని తనవాళ్ళు పిలిచే పిలుపుకి అక్షరం దూరంలో ఉంది. ఇద్దరు ఆడవాళ్ళ నోళ్ళు ఒక పెద్దపేరుని ఒకే చోట విరిచాయి. ఈ సంగతి వినడానికి ఇప్పుడు నాన్న లేరు.

ఇక ఆ పేరు ఎలా పోయిందో చెప్పాలి.

1984లో నా పెళ్ళి. గూడెం సంబంధం, ఉల్లిపాయల వ్యాపారం, మంచివాళ్ళు. వాళ్ళన్నది ఒకటే మాట: "పేరు పలకడానికి ఇబ్బందిగా ఉందండి, శుభలేఖలో వాణి అని వేయిద్దాం." ఇంటికొచ్చే కోడలి పేరు మార్చడం ఆ రోజుల్లో వింత కాదు. "వా" ఎలాగూ నిలిచింది కదా అన్నారు. నాన్న శుభలేఖ చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పైనుంచి కిందదాకా చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. ఒక్క మాట అనలేదు. మిల్లులో ఎన్ని తగువులు తీర్చిన మనిషో! కూతురి పెళ్ళి దగ్గర నోరు విప్పలేకపోయారు. నేనూ విప్పలేదు. నిజం చెప్పాలంటే నాకు కొంచెం హాయిగానే అనిపించింది. కాలేజీలో "క్రిస్టియన్సా?" అని అడిగినవాళ్ళకి జవాబు చెప్పి చెప్పి విసుగొచ్చింది మరి.

రష్యన్ ఆడవాళ్ళ పేర్లలో ఒక సంగతి ఉంది. పేరు పక్కన తండ్రి పేరు తప్పకుండా ఉంటుంది. తెరిష్కోవా పూర్తి పేరు వాలెంటీనా వ్లదీమిరోవ్నా తెరిష్కోవా. వ్లదీమిర్ కూతురు అని. గోర్కీ "అమ్మ"లో ఆ తల్లిని అందరూ నీలోవ్నా అంటారు. నీల్ అనేవాడి కూతురు. పెళ్ళయినా, ముసలితనం వచ్చినా ఆ మధ్య పేరు పోదు. ఇంటిపేరు మారవచ్చు, తండ్రి పేరు మాత్రం కూతురి వెంటే ఉంటుంది. తెరిష్కోవా 1963 నవంబరులో తోటి వ్యోమగామి నికొలాయెవ్‌ని పెళ్ళి చేసుకుంది. ఆ తర్వాత కొంతకాలం నికొలాయెవా-తెరిష్కోవా అని రెండూ కలిపి రాసుకుంది. నేనేమో శుభలేఖ అచ్చయిన పూటకే ఇంటిపేరు, సొంత పేరు రెండూ వదిలేశాను.

1991 డిసెంబరు 25న క్రెమ్లిన్ మీద ఎర్రజెండా దించారు. ఆ సంక్రాంతికి నాన్న ఏలూరులో పాసింజరు ఎక్కి గూడెం వచ్చారు. పెరట్లో కూర్చుని కాఫీ తాగుతూ, "ఇక్కడ నిన్ను ఏమని పిలుస్తారమ్మా?" అని అడిగారు. ఏడేళ్ళుగా తెలిసిన సంగతే. అయినా అడిగారు.

"వాణి అంటారు నాన్నా."

"అదీ మంచి పేరే" అన్నారు. దేశం పోయిందని ఆయన ఏడవలేదు. ఆ మాట అన్నాక మాత్రం కాఫీ గ్లాసు వైపే చూస్తూ ఉండిపోయారు. నాకు ఆ గ్లాసు ఇప్పటికీ కళ్ళకి కడుతుంది.

పేరుకి మూలమైన మనుషులు కూడా మనం అనుకున్నట్టే ఉండిపోరు. స్టాలిన్ కూతురు స్వెత్లానా తండ్రి పేరు వదిలి, తల్లి ఇంటిపేరు అల్లిలూయెవా పెట్టుకుంది. 1966లో తను ప్రేమించిన భారతీయుడు బ్రజేశ్ సింగ్ అస్థికలు తీసుకుని మన దేశం వచ్చింది. మరుసటేడు మార్చిలో ఢిల్లీ నుంచే అమెరికావాళ్ళ ఆశ్రయం కోరింది. చివరికి లానా పీటర్స్ అనే పేరుతో 2011లో అమెరికాలో కన్నుమూసింది. తెరిష్కోవా రాజకీయాల్లోకి వెళ్ళింది. 2020లో పుతిన్ మళ్ళీ పోటీ చేసేందుకు వీలుగా రాజ్యాంగం మార్చమని పార్లమెంటులో ప్రతిపాదించింది ఆవిడే. మా నాన్న ఉంటే ఏమనేవారో! నామటుకు నేను ఆలోచించుకున్నది ఇదీ. నాన్న బియ్యంలో రాసింది ఆ ముసలావిడ పేరు కాదు. నిఘంటువులోని "బలం" కూడా కాదు. మిల్లు గేటు దాటి ఎంత దూరమైనా వెళ్ళగల ఒక పిల్ల ఉంటుందని ఆయన నమ్మారు. ఆ నమ్మకాన్ని నా పేరుగా రాశారు. దేశం పోయినా, మనుషులు మారినా, అర్థం అదే. పేరు పెట్టినవాళ్ళ మనసులో ఏముందో అదే ఆ పేరుకి అర్థం.

సాయంత్రం కోడలికి ఫోన్ చేసి అంతా చెప్పేశాను. అటువైపు చప్పుడు లేదు. కాసేపటికి, "అయితే అత్తయ్యగారూ, పాపకి మీ పేరే పెడతామండి" అంది. నాకు గొంతు పట్టేసింది. కాని వద్దన్నాను. నా పేరు నాకే సరిగ్గా వాడకం లేదు, దాన్ని చంటిదాని మీద వెయ్యడమెందుకు? "మీకు నచ్చిన పేరే పెట్టండి. రిజిస్టరులో నతాలియా అని రాయించండి, ఇంట్లో నటాషా అని పిలవండి. పుట్టినరోజు అని అర్థం. పాప పుట్టడం కంటే మీకు పెద్ద పండగ ఏముంది?" అన్నాను.

బారసాలకి ఏలూరు మీదుగా కైకలూరు వెళ్ళాం. దారిలో ఆటపాకలో గూడబాతులు చెట్ల మీద బారులు తీరి ఉన్నాయి. తెరిష్కోవాకి ఆకాశంలో ఉన్నప్పుడు పిలవడానికి పెట్టిన గుర్తు పేరు "చైకా" అట. అంటే సీగల్ పక్షి. ఆ పక్షుల్ని చూస్తే అది గుర్తొచ్చింది.

మా అబ్బాయి బియ్యంలో "నతాలియా" అని రాశాడు. వియ్యపురాలు మూడుసార్లు ప్రయత్నించి "నాతల్లీ" దగ్గర ఆగింది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. "బావుందండీ, అలాగే పిలవండి" అన్నాను. పెద్దవాళ్ళ నోళ్ళు పిల్లల పేర్లని పాడుచెయ్యవు, వాడుకలో పెడతాయి. నేను కోరింది ఒక్కటే. రేపు ఈ పిల్ల పెళ్ళిలో శుభలేఖ మీద ఇదే పేరు ఉండాలి, ఎవరికి నోరు తిరిగినా తిరక్కపోయినా.

అన్నట్టు, ఈ వ్యాసం పంపిస్తూ సంపాదకులకి ఒక చీటీ జతచేశాను. కింద నా పేరు వాణి అని వెయ్యొద్దని.